కారు ఒకటే, ఇంజన్లు రెండు, టైర్లు మూడు

అరవై, డెబ్బై లక్షల రూపాయలు వెచ్చించి లగ్జరీ సెడాన్ కొనదలచిన కుటుంబం ఏ కంపెనీ కారు, ఏ రంగు, సీట్ల తోలు ఏ ఛాయలో ఉండాలి అన్న విషయాలను వారాల తరబడి చర్చిస్తుంది. సెడాన్ అంటే ప్రయాణికులు కూర్చునే భాగానికి వెనుక డిక్కీ విడిగా ఉండే కారు అన్నమాట. ఇంజను దగ్గరికి వచ్చేసరికి ఆ చర్చ పెట్రోలా, డీజిలా అన్న ఒక్క ప్రశ్నకు కుదించుకుపోతుంది. టైర్ల విషయంలో ఆ ఒక్క ప్రశ్న కూడా లేవదు. షోరూములో బండికి ఏవి బిగించి ఉంటే వాటితోనే అది ఇంటికి వస్తుంది. కాని ఆ కారు పదేళ్ళపాటు ఎంత ఖర్చు పెట్టిస్తుంది, గుంతల రోడ్డు మీద వెనుక సీటులోని పెద్దవారిని ఎంత కుదుపుతుంది, వాన కురుస్తుండగా బ్రేకు వేస్తే ఎంత దూరంలో ఆగుతుంది అన్నవి చాలావరకు తేలేది ఈ రెండు ఎంపికల దగ్గరే.

2019 ఆగస్టులో మన దేశంలో విడుదలైన బీఎండబ్ల్యూ 3 సిరీస్ ఈ విషయాన్ని వివరించడానికి బాగా పనికివస్తుంది. అందులో 330ఐ అనే పెట్రోలు రకం, 320డి అనే డీజిలు రకం ఉండేవి. రెండింటిలోనూ ఇంజను నాలుగు సిలిండర్లదే, రెండు లీటర్లదే. గేర్లను తనంతట తానే మార్చుకునే ఎనిమిది అంచెల గేర్‌బాక్సు కూడా రెండింటికీ ఉంది. టార్క్ కూడా ఒక్కటే, 400 న్యూటన్ మీటర్లు. టార్క్ అంటే ఇంజను తన క్రాంక్ షాఫ్టును ఎంత బలంగా తిప్పగలదో తెలిపే కొలత. కాని అశ్వశక్తి దగ్గర రెండూ విడిపోతాయి. పెట్రోలుది 258, డీజిలుది 190. తిప్పే బలం సమానమైనప్పుడు శక్తి ఎందుకు వేరు కావాలి అంటే, శక్తి అనేది తిప్పే బలాన్ని తిరిగే వేగంతో హెచ్చవేస్తే వచ్చేది కాబట్టి. డీజిలు ఇంజను తన పూర్తి బలాన్ని నిమిషానికి 1,750 నుంచి 2,500 చుట్ల మధ్యనే చూపి ఆపైన తగ్గిపోతుంది. పెట్రోలు ఇంజను అదే బలాన్ని 1,550 నుంచి 4,400 చుట్ల దాకా నిలుపుకుంటుంది. అందుకే నిలిచి ఉన్న స్థితి నుంచి గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి కంపెనీ లెక్క ప్రకారం పెట్రోలు కారుకు 5.8 సెకన్లు, డీజిలు కారుకు 6.8 సెకన్లు పడతాయి.

ఆ ఒక్క సెకను కోసమే పెట్రోలు కొనాలనుకోవడం తొందరపాటు అవుతుంది. సిగ్నలు దగ్గర, ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు, లారీని దాటేటప్పుడు ఇంజను సాధారణంగా 1,500 నుంచి 2,500 చుట్ల మధ్యనే తిరుగుతుంది. ఆ పరిధిలో ఈ రెండు ఇంజన్ల బలంలో ఉన్న తేడాను చాలామంది డ్రైవర్లు గుర్తించలేరు. కనుక నిజమైన ఎంపిక వేగానికి సంబంధించినది కాదు. ఆ కారు రోజూ ఎంత దూరం, ఎలాంటి దారిలో తిరుగుతుంది అన్నదానికి సంబంధించినది.

పెట్రోలు ఇంజనులో ఇంధనాన్ని స్పార్క్ ప్లగ్గు ఇచ్చే నిప్పురవ్వ మండిస్తుంది. డీజిలు ఇంజనులో రవ్వ ఉండదు. సిలిండరులోని గాలిని పిస్టను దాదాపు పదిహేనో, పదహారో వంతుకు నొక్కినప్పుడు పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది. ఎంత ఎక్కువ నొక్కితే అంత ఎక్కువ వేడి పనిగా మారుతుంది కాబట్టి, పైగా లీటరు డీజిలులో లీటరు పెట్రోలు కంటె శక్తి కొంత ఎక్కువే కాబట్టి, డీజిలు కారు అదే ఇంధనానికి ఎక్కువ దూరం పోతుంది. ఈ పొదుపును కార్లలోకి తెచ్చిన తొలి బళ్ళలో ఒకటి 1936లో వచ్చిన మెర్సిడెస్ 260 డి. దాని శక్తి కేవలం 45 అశ్వశక్తి. 1995లో మన దేశంలో పుణే నుంచి మెర్సిడెస్ ఈ-క్లాస్ బయటికి వచ్చినప్పుడు అందులోనూ డీజిలు రకం ఉండేది.

ఆ తరువాత రెండు దశాబ్దాలు మన లగ్జరీ కార్ల మార్కెట్టును డీజిలే ఏలింది. దానికి కారణం ఇంజను గొప్పదనం కంటె ప్రభుత్వ ధరల విధానమే ఎక్కువ. పెట్రోలు ధరపై నియంత్రణను 2010లో ఎత్తివేసిన ప్రభుత్వం డీజిలుపై 2014 అక్టోబరు వరకు కొనసాగించింది. 2012 మే నెలలో ఢిల్లీలో లీటరు పెట్రోలు 73 రూపాయలు దాటినప్పుడు డీజిలు 41 రూపాయల దగ్గరే ఉండేది. రైతు పంపుసెట్టు కోసం, సరుకు లారీ కోసం ఉద్దేశించిన ఆ చౌకధర సంపన్నుల సెడాన్‌కు కూడా అందడం న్యాయమైన విషయం కాదు. ధర స్వేచ్ఛ వచ్చాక ఆ అంతరం క్రమంగా తగ్గిపోయింది. అయినా లగ్జరీ కారు అంటే డీజిలే అన్న అలవాటు మాత్రం చాలా ఇళ్ళలో మిగిలిపోయింది.

ఆ అలవాటును నేడు ప్రశ్నించవలసిన కారణం 2020 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన బీఎస్-6 కాలుష్య ప్రమాణాలలో ఉంది. వాటిని అందుకోవడానికి డీజిలు కారు పొగగొట్టంలో డీపీఎఫ్ అనే జల్లెడను అమర్చుతారు. ఇది ఇంజను విడిచే మసిని పట్టి ఉంచి, తగినంత పేరుకున్నాక దాదాపు 600 డిగ్రీల వేడిలో తనలోనే కాల్చివేస్తుంది. ఈ ప్రక్రియను రీజెనరేషన్ అంటారు. అంత వేడి పుట్టాలంటే కారు ఆగకుండా, ఒక మోస్తరు వేగంతో పదిహేను, ఇరవై నిమిషాలు నడవాలి. హైదరాబాదులో అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి ఉదయం వెళ్ళి సాయంత్రం తిరిగివచ్చే కారుకు ఆ అవకాశం దొరకదు. పది నిమిషాలు కదిలి, ఐదు నిమిషాలు ఆగి, గమ్యం చేరేసరికి మసి కాలడం సగంలోనే ఆగిపోతుంది. ఇలా పలుమార్లు జరిగితే డాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం వెలుగుతుంది. దాన్ని పట్టించుకోకపోతే ఇంజను తన శక్తిని తానే తగ్గించుకుంటుంది, చివరికి జల్లెడనే మార్చవలసి రావచ్చు. చాలా డీజిలు లగ్జరీ కార్లలో దీనికి తోడు యాడ్‌బ్లూ అనే ద్రవం కోసం వేరే ట్యాంకు ఉంటుంది. అది నీటిలో 32.5 శాతం యూరియా కలిపిన ద్రావణం. పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను హానిలేని నైట్రోజనుగా, నీటి ఆవిరిగా మార్చడం దాని పని. అది పూర్తిగా అయిపోతే, ట్యాంకు నిండా డీజిలు ఉన్నా, ఆపిన ఇంజను మళ్ళీ స్టార్టు కాదు.

ఈ ఏర్పాట్లు లోపాలు కావు. ఊరి గాలి కోసం అవసరమైనవి. దూర ప్రయాణాలు చేసే కారులో ఇవి యజమానికి తెలియకుండానే తమ పని తాము చేసుకుపోతాయి. అందువల్ల డీజిలు ఎవరికి తగినది అన్న ప్రశ్నకు లెక్క వేసి జవాబు చెప్పవచ్చు. పెట్రోలు లీటరు 107 రూపాయలు, డీజిలు 95 రూపాయలు అనుకుందాం. పెట్రోలు కారు లీటరుకు 10 కిలోమీటర్లు, డీజిలు కారు 14 కిలోమీటర్లు ఇస్తాయని అనుకుందాం. అప్పుడు కిలోమీటరుకు ఒకదానికి 10 రూపాయల 70 పైసలు, రెండోదానికి సుమారు 6 రూపాయల 80 పైసలు అవుతుంది. ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిరిగే ఇంటికి మిగిలేది దాదాపు 39,000 రూపాయలు; 30,000 కిలోమీటర్లు తిరిగే వ్యాపారికి లక్షా పదిహేడు వేలు. డీజిలు కారు ధర రెండు లక్షలు ఎక్కువ అయితే, మొదటి ఇంటికి ఆ సొమ్ము తిరిగిరావడానికి ఐదేళ్ళు దాటుతుంది, రెండో వారికి రెండేళ్ళు కూడా పట్టదు. కొనేవారు తమ పాత కారు ఓడోమీటరును చూసి, తమ ఊరి ధరలతో ఇదే లెక్క మళ్ళీ వేసుకుంటే సేల్స్‌మన్ మాట మీద ఆధారపడవలసిన పని ఉండదు.

లెక్కకు అందనిది చట్టం. 2015 డిసెంబరులో సుప్రీంకోర్టు ఢిల్లీ, దాని పరిసర ప్రాంతాలలో 2,000 సీసీ, అంతకు మించిన డీజిలు కార్ల రిజిస్ట్రేషన్‌ను నిలిపివేసింది. 2,143 సీసీ ఇంజను ఉన్న అప్పటి మెర్సిడెస్ డీజిలు కార్లు ఆ నిషేధంలో చిక్కుకోగా, 1,995 సీసీ ఇంజను ఉన్న బీఎండబ్ల్యూ కార్లు ఐదు సీసీల తేడాతో బయటపడ్డాయి. 2016 ఆగస్టులో ఒక శాతం పర్యావరణ రుసుముతో ఆ నిషేధం తొలగింది. పదేళ్ళు నిండిన డీజిలు బళ్ళు ఢిల్లీ ప్రాంతంలో తిరగరాదన్న ఆంక్షను సుప్రీంకోర్టు 2018లో సమర్థించింది, 2025లో ఆ విషయం మళ్ళీ కోర్టు ముందుకు వచ్చింది. తెలుగు రాష్ట్రాలలో అలాంటి ఆంక్ష లేకపోయినా దాని ప్రభావం ఇక్కడికీ చేరింది. అక్కడ విలువ పడిపోయిన డీజిలు లగ్జరీ కార్లు ఎన్ఓసీ పత్రంతో దక్షిణాదికి వచ్చి ఇక్కడి సెకండ్ హ్యాండ్ మార్కెట్టులో ధరలను తగ్గిస్తున్నాయి. ఆడీ కంపెనీ అయితే 2020 తరువాత మన దేశంలో డీజిలు కార్ల అమ్మకమే మానుకుంది.

పెట్రోలు వైపు కూడా ఒక జాగ్రత్త ఉంది. ఇప్పుడు బంకులలో దొరుకుతున్నది 20 శాతం ఇథనాలు కలిసిన ఈ-20 పెట్రోలు. ఇథనాలులో లీటరుకు శక్తి పెట్రోలు కంటె దాదాపు మూడో వంతు తక్కువ కాబట్టి మైలేజీ కొంత తగ్గుతుంది. పాత లగ్జరీ కారు కొనేవారు ఇంధన మూత లోపలి వైపు అంటించిన సూచనను చదివి, ఆ ఇంజను ఈ ఇంధనానికి తగినదేనా అని చూసుకోవాలి. ఇక ఆరు సిలిండర్లు వరుసగా ఉండే మూడు లీటర్ల ఇంజను విషయం వేరు. దాని పిస్టన్ల కదలికలు ఒకదాని అదురును మరొకటి పూర్తిగా రద్దు చేస్తాయి; ఆ నునుపు నాలుగు సిలిండర్ల ఇంజనులో దొరకదు. దాన్ని కోరుకోవడానికి లెక్కలు అక్కరలేదు, ఇష్టం ఉంటే చాలు.

ఇప్పుడు టైర్ల సంగతి. 1,600 కిలోల కారులో ఒక్కో చక్రం మీద సగటున 400 కిలోలు పడుతుంది. టైరులో గాలి 32 పీఎస్ఐ ఉంటే అది చదరపు సెంటీమీటరుకు సుమారు 2.25 కిలోల ఒత్తిడి. 400ను 2.25తో భాగిస్తే వచ్చేది 178 చదరపు సెంటీమీటర్లు. అంటే ఒక్కో టైరు రోడ్డును తాకే చోటు ఒకటిన్నర పోస్టుకార్డులంత. ఇంజను ఇచ్చే 258 అశ్వశక్తి రోడ్డును చేరేదీ, బ్రేకు నొక్కితే కారు ఆగేదీ, మలుపులో పక్కకు జారకుండా నిలిచేదీ ఆ కాస్త రబ్బరు మీదనే. టైరు గురించి ఆలోచించకుండా ఇంజను గురించి మాత్రమే ఆలోచించడం ఎందుకు పొరపాటో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

టైరు పక్కగోడ మీద 225/50 ఆర్ 17 94 డబ్ల్యూ అన్నట్లుగా ఒక గుర్తు ఉంటుంది. 225 అనేది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 50 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 50 శాతం, అంటే 112.5 మిల్లీమీటర్లు. ఆర్ అంటే రేడియల్. లోపలి తీగపొరలు టైరు ఒక అంచు నుంచి మరో అంచుకు అడ్డంగా సాగే నిర్మాణం, దీనికి 1946లో పేటెంటు తీసుకున్నది ఫ్రాన్సుకు చెందిన మిషెలిన్. 17 అనేది లోపలి రిమ్ము వ్యాసం, అంగుళాలలో. 94 అనే సూచికకు 670 కిలోల బరువు మోయగలదని అర్థం, డబ్ల్యూ అంటే గంటకు 270 కిలోమీటర్ల వేగం వరకు తట్టుకోగలదని అర్థం. మన రోడ్లలో వేగపరిమితి ఎంతో తక్కువ కనుక ఆ అక్షరం అక్కరలేదని కొందరు టైర్ల కొట్లలో తక్కువ రకం అంటగడతారు. కాని అది వేడిని తట్టుకునే గుణానికి కూడా కొలతే; రామగుండంలో, రెంటచింతలలో మే నెల ఎండకు కాగిన తారు మీద నడిచే కారుకు కంపెనీ చెప్పినదానికంటె తక్కువ సూచిక ఉన్న టైరు వేయడం ప్రమాదం.

3 సిరీస్‌కే 18 అంగుళాల చక్రం ఎంచుకుంటే టైరు 225/45 ఆర్ 18 అవుతుంది; 19 అంగుళాలదైతే ముందు 225/40, వెనుక 255/35. మొత్తం చక్రం ఎత్తు మూడింటిలోనూ దాదాపు 66 సెంటీమీటర్లే. పెరిగేది లోహపు రిమ్ము, తగ్గేది రబ్బరు గోడ. ఆ గోడ 17 అంగుళాల దానిలో 112 మిల్లీమీటర్లు, 18లో 101, 19లో 90. రోడ్డు దెబ్బను మొదట మింగేది ఆ గోడలోని గాలే కాబట్టి, ఆ 22 మిల్లీమీటర్లు తగ్గడం వల్ల కుదుపు పెరుగుతుంది, గుంత అంచు నేరుగా రిమ్ముకు తగిలి అల్లాయ్ వంగడం గాని పగలడం గాని, టైరు పక్కన బుడిపె లేవడం గాని జరుగుతుంది. బుడిపె లేచిందంటే లోపలి తీగపొర తెగిందని అర్థం. దానికి మరమ్మతు లేదు. పైగా ముందు వెనుక కొలతలు వేరైతే టైర్లను ముందుకూ వెనక్కూ మార్చుకుంటూ సమంగా అరిగేలా చూసుకునే వీలు పోతుంది. పెద్ద చక్రం మలుపుల్లో స్టీరింగుకు చురుగ్గా స్పందిస్తుందన్నది నిజమే. కాని కాలనీ రోడ్ల స్పీడ్ బ్రేకర్ల మధ్య తిరిగే కారుకు ఆ చురుకుదనం ఫొటోలో అందంగా కనిపించడానికి మించి పనికిరాదు.

వీటన్నింటి కంటె ఎక్కువ ఆలోచన అవసరమైనది రన్‌ఫ్లాట్ టైరు. దీని పక్కగోడలను దళసరి రబ్బరుతో గట్టిపరుస్తారు. గాలి పూర్తిగా పోయినా ఆ గోడల బలం మీదనే సాధారణంగా గంటకు 80 కిలోమీటర్ల వేగం మించకుండా 80 కిలోమీటర్ల దూరం పోవచ్చు. అర్ధరాత్రి రోడ్డు పక్కన జాకీ వేసే అవసరం లేకపోవడం, గాలి ఒక్కసారిగా పోయినా కారు అదుపు తప్పే ప్రమాదం తగ్గడం దీని గొప్ప మేలు. జర్మనీలో పట్టణాలు, సరైన టైరు దొరికే దుకాణాలు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి ఆ 80 కిలోమీటర్లు అక్కడ చాలు. హైదరాబాదు నుంచి విజయవాడకు దాదాపు 275 కిలోమీటర్లు. సూర్యాపేట దగ్గర మేకు దిగితే ఇటు హైదరాబాదుకు సుమారు 135 కిలోమీటర్లు, అటు విజయవాడకు దాదాపు అంతే. 80 కిలోమీటర్ల హామీ ఈ రెండు నగరాలలో దేనికీ చేర్చదు. గాలి లేకుండా నడిపిన రన్‌ఫ్లాట్‌కు లోపలి గోడ దెబ్బతిని ఉండవచ్చు కాబట్టి పంక్చరు వేయించి వాడవద్దని చాలా కంపెనీలు చెబుతాయి; ధర కూడా మామూలు టైరు కంటె ఎక్కువే. గట్టి గోడలు మామూలు రోజుల్లోనూ కుదుపును పెంచుతాయి. పక్కగోడ పెద్దగా చీరుకుపోతే ఈ టైరు కూడా నిలవదు.

రన్‌ఫ్లాట్ లేని కారులో స్టెప్నీ ఉండాలి. 2020లో కేంద్ర రవాణా శాఖ నిబంధనలను సవరించి, ట్యూబులెస్ టైర్లు, గాలి తగ్గితే హెచ్చరించే పరికరం, పంక్చరు కిట్టు ఉంటే స్టెప్నీ తప్పనిసరి కాదని చెప్పింది. ఆ కిట్టులోని జిగురు ద్రవం అడుగున పడిన చిన్న రంధ్రాన్ని మూసివేయగలదు గాని, గుంత అంచుకు చీరిన పక్కగోడను మూయలేదు. మన గుంతల దారుల్లో ఈ రెండో రకం నష్టం కూడా జరుగుతూ ఉంటుంది. అందుచేత డిక్కీలో స్థలం ఉన్న ఏ కారుకైనా సన్నదో, పూర్తి కొలతదో ఒక స్టెప్నీని అడిగి తీసుకోవడం మేలు.

కొత్త కారు తీసుకునే రోజు చేయవలసిన పని ఇంకొకటి ఉంది. టైరు గోడ మీద డాట్ అనే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2324 అని ఉంటే 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. ఐదు టైర్ల అంకెలూ చూసుకొని, ఏడాదికి మించి పాతవైతే మార్చమని అడిగే హక్కును కొనేవారు వదులుకోకూడదు. గాడుల మధ్య 1.6 మిల్లీమీటర్ల ఎత్తున ఉండే చిన్న గట్టు రోడ్డును తాకే రబ్బరుతో సమం అయిన రోజున ఆ టైరు పని అయిపోయినట్లే. వాన నీటిని పక్కకు నెట్టలేక కారు నీటి పొర మీద తేలిపోతుంది, వెడల్పు టైరు అయితే ఇంకా ముందుగానే తేలుతుంది.

ఏడాదికి పది పన్నెండు వేల కిలోమీటర్లు, ఎక్కువగా నగరంలో తిరిగే కుటుంబానికి నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను, కంపెనీ ఇచ్చే వాటిలో అతి చిన్న రిమ్ము, మామూలు టైర్లు, డిక్కీలో స్టెప్నీ సరైన కలయిక. పాతిక వేలకు మించి, ఎక్కువగా హైవేల మీద తిరిగేవారికి డీజిలు ఇంజను ఇప్పటికీ న్యాయం చేస్తుంది. వారికి కూడా టైర్ల విషయంలో సలహా మారదు. ఇంజనును కొన్న తరువాత మార్చలేరు, టైరును మార్చగలరు. కనుక కారు బుక్ చేయబోయే శ్రోతలు షోరూముకు వెళ్ళే ముందు తమ ఏడాది కిలోమీటర్ల అంకెను కాగితం మీద రాసుకొని వెళ్ళాలని, సంతకం పెట్టే ముందు రిమ్ము కొలత, టైరు రకం, స్టెప్నీ ఆర్డరు పత్రంలో రాసి ఉన్నాయో లేదో చూసుకోవాలని మనవి.